రహదారిప్రక్క దాచిన పెట్టె



బాల్యమున దాగుడుమూత లాడనివారు మనలో నొక్కరైన నుండరు. ధాన్యపు గాదె వెనుకనో, దొడ్డిలోని గడ్డివామి చాటుననో నక్కి, వెదకువారి యడుగుల చప్పుడు వినుచు ఊపిరి బిగబట్టుకొని కూర్చున్న ముచ్చట మనకందఱకు జ్ఞాపకమే. ఆ యాటయే నేడు పెద్దల చేతికి జిక్కి, దేశదేశముల వ్యాపించి, ఆకాశమందలి యుపగ్రహముల తోడ్పాటుతో సాగుచున్నదనిన మీకు వింతగా నుండును. మాకును మొదట నట్లే యుండెను. 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మావారును మేమును అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రమందున్న మా తమ్ముని యింటికి పోయి కొన్ని వారము లుంటిమి. అచ్చట నీ యాటను చూచితిమి, ఆడితిమి. ఆడుచుండగా నొకనాడు మా గుండె లవిసిపోవు పనియు జరిగినది. ఆ సంగతి యింటనే దాచుకొనుటకంటె నలుగురు తల్లులకు చెప్పుట మేలని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాటకు జియోక్యాషింగ్ అని పేరు. జియో యనగా భూమి. క్యాష్ అనినంతనే మనకు రొక్కము తోచును గాని యిది ఆ క్యాష్ కాదు. ఫ్రెంచి భాషనుండి వచ్చిన మాట. దాచిన సొత్తని దాని యర్థము. ఒకరు మూత గట్టిగా బిగియు పెట్టెలో చిన్న పుస్తకమును, పెన్సిలును, పిల్లలకు ముచ్చట గొలుపు నాలుగు బొమ్మలను ఉంచి యొకచోట దాతురు. ఆ చోటి యక్షాంశ రేఖాంశములను అందఱకు తెలియునట్లు ప్రకటింతురు. వెదకువారు చేతిలోని ఫోను చూపు దిక్కున పోయి, ఱాళ్ల సందులను పొదల మొదళ్లను తడవి, పెట్టెను కనుగొని, పుస్తకమున పేరును తేదీని వ్రాసి, తిరిగి యథాస్థానమున నుంచవలెను. బొమ్మ నొకదానిని తీసికొన్నచో దానికి సరియైన దింకొకటి యుంచవలెను. ఇట్టి పెట్టెలు ప్రపంచమంతట నేడు ముప్పది లక్షలకు పైగా నున్నవి.

మావారు పాఠశాలలో భూగోళము బోధింతురు. ఆటలోని మర్మము మాకు వారే విప్పి చెప్పిరి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు నుపగ్రహములు పంపు సంకేతములను బట్టి మన చేతిలోని యంత్రము తానున్న చోటును లెక్క కట్టుకొనును. ఆ సంకేతములలో అమెరికా ప్రభుత్వము రక్షణకారణములచే బుద్ధిపూర్వకముగా కొంత తప్పును కలుపుచుండెడిది. దానివలన సామాన్యుల యంత్రములు చూపు చోటు నూఱు మీటర్ల దూరము వఱకు తప్పుచుండెడిది. 2000వ సంవత్సరము మే నెల 2వ తేదీని ఆ కలుపుటను మానివేసిరి. మఱునాడే, అనగా మే 3వ తేదీని, డేవ్ అల్మర్ అను నాతడు ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ అను నూరి సమీపమున రోడ్డుప్రక్క నొక బకెట్టును సగమువఱకు భూమిలో పాతి, అందు పుస్తకములు, వడిసెలవంటి యాటవస్తువు, చిక్కుడుగింజల డబ్బా మున్నగువాని నుంచి, ఆ చోటి యంకెలను ప్రకటించెను. మూడు దినములలోనే దానిని కనుగొనిరి. మొదట కనుగొన్నవాడు మైక్ టీగ్. ఈ యాట కదియే పుట్టుక. ఆ చోట 2003లో నొక స్మారక ఫలకమును పెట్టిరి. మా తమ్ముడు మమ్ము తీసికొనిపోయి చూపెను. ఇరుప్రక్కల చెట్లుగల పల్లెదారి, నేలమీద నొక ఫలకము. అంతియే. ఇంత యాటకు మొద లింత చిన్నచోటా యనిపించెను.

చిత్ర మేమనగా, నేటి నియమములను బట్టి చూచినచో ఆ మొదటి పెట్టె చెల్లదు. నేల త్రవ్వి పాతరాదని యొక నియమము. తినుబండారము లుంచరాదని మఱియొకటి. వాసనకు జంతువులు వచ్చి పెట్టెను చీల్చివేయును గదా. నియమములన్నియు అనుభవము నుండి పుట్టినవే. మన పెద్దలు దీపము ముట్టించునపుడు కొంగు బిగించుమనుటకును వెనుక నెవరి కొంగో అంటుకొనియే యుండును.

ఇక మాకు జరిగిన సంగతి చెప్పెదము.

ఒక యాదివారము మధ్యాహ్నము తమ్ముడును, మఱదలును, తొమ్మిదేండ్ల మేనల్లుడును, మేమిద్దఱమును కారులో ఫ్రీవే యను మహారహదారిపై పోవుచుంటిమి. ఫ్రీవే యనగా నడుమ నెచ్చటను కూడళ్లు లేక, ఎక్కుటకును దిగుటకును వేఱు దారులు గల రోడ్డు. మేనల్లుడు ఫోను చూచుచు, "నాన్నా, పెట్టె దగ్గఱలోనే యున్నది, ఇరువది మీటర్లే!" యని కేక వేసెను. మా తమ్ముడు, "ఒక్క నిమిషమే కదా అక్కా!" యని రోడ్డంచున కారు నిలిపెను. మావారు వలదనునంతలోనే నిలిపెను. ఆ యంచు ఆపత్సమయమునకే గాని వినోదమునకు గాదు. మేము వెనుక మేనల్లుని ప్రక్కన కూర్చుంటిమి. వాడు ఉత్సాహము పట్టజాలక పట్టీ విప్పుకొని తన వైపు తలుపు తెఱచెను. ఆ దేశమున వాహనములు రోడ్డునకు కుడివైపున నడచును. కావున ఎడమ తలుపు సరిగా బండ్లు వచ్చు వరుసలోనికే తెఱచుకొనును. మేము వాని చొక్కా పట్టి వెనుకకు లాగితిమి. ఆ క్షణముననే యొక లారీ చెవులు చిల్లులు పడునట్లు కొమ్మూదుచు దాటిపోయెను. దాని గాలికి కారంతయు నూగెను. తలుపు జానెడే తెఱచుకొన్నది గనుక దక్కితిమి.

ఎవ్వరము మాటాడలేదు. తమ్ముడు కారును మెల్లగా నడపి, రాబోవు దిగుదారిని దిగి, యొక పెట్రోలు బంకు ప్రక్కన నిలిపెను. మఱదలు పిల్లవానిని పొదివికొని యేడ్చినది. "తప్పు నాదే వదినా, వెనుక తలుపులకు పిల్లల తాళము వేయుట మఱచితిని" అన్నది. తమ్ముడు చక్రముపై తల వాల్చి, "కాదు, తప్పు నాది" అనెను. మా చేయి ఇంకను ఆ చొక్కాను వదలలేదని మాకు అప్పుడు తెలిసెను.

ఒక లెక్క చెప్పెదము. ఒరెగాన్‌లోని ఫ్రీవేలపై పెక్కుచోట్ల అనుమతింపబడిన వేగము గంటకు 65 మైళ్లు, అనగా సుమారు 105 కిలోమీటర్లు. సెకనునకు 29 మీటర్లు. పిల్లవాడు తలుపు తెఱచి కాలు క్రింద మోపుటకు మూడు సెకనులు పట్టునను కొనుడు. ఆ మూడు సెకనులలో, దూరమున చుక్కవలె కనబడిన బండి 87 మీటర్లు వచ్చి మీదనుండును. మనము చూచి తెఱచితిమి గదా యను ధైర్య మచ్చట పనికిరాదు.

ఆ రాత్రి మావారు పటము ముందు పెట్టుకొని ఆ చోటును పరీక్షించిరి. రహదారి వెంబడి తీగకంచె యొకటి యున్నది. కంచె కావలివైపున, రహదారికి సమాంతరముగా, చిన్న పల్లెబాట పోవుచున్నది. పెట్టె ఆ బాట ప్రక్కనున్నది. దాచినవారు బాటవైపు నుండి వచ్చి, తగిన యనుమతితోనే దాచియుండిరి. చోటు మంచిదే. కాని యెటునుండి రావలెనో, బండి నెచ్చట నిలుపవలెనో వ్రాయలేదు. ఫోనులోని సూది తిన్నగా పెట్టెను జూపునే గాని కంచెను జూపదు. రహదారిపై పోవువానికి ఇరువది మీటర్లని చెప్పును. బాటకు పోవలెనన్న రెండు మైళ్లు చుట్టి రావలెను. తొందరపాటు మనుష్యు డేది యెంచుకొనునో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

తమ్ముడు తన తప్పు నొప్పుకొనుచు దాచినవారికి జాబు వ్రాసెను. రెండు దినములలో వారు, బండి నిలుపు చోటి యంకెలను చేర్చి, రహదారినుండి రావలదని మొదటి పంక్తిలోనే వ్రాసి, తెలిపినందులకు వందనములని బదులిచ్చిరి. మఱుసటి యాదివారము మే మా బాటను పోతిమి. రెండు వైపుల బ్లాక్‌బెర్రీ పొదలు. దూరమున కంచె కవతల లారీల హోరు. పిల్లవాడు అయిదు నిమిషములలో పెట్టెను కనుగొని పుస్తకమున మా యందఱి పేర్లును వ్రాసెను. మా పేరు తెలుగున వ్రాయించితిమి. అదే పెట్టె, అదే చోటు. వచ్చిన దారియే వేఱు.

ఈ యనుభవమువలన మాకు తోచిన సంగతి యొకటి కలదు. మహాభారతమున పాండవులు అజ్ఞాతవాసమునకు ముందు తమ యాయుధములను జమ్మిచెట్టుపై దాచిరి గదా. వారు దారికి దూరముగా, శ్మశానము దాపున, ఎవరును తలయెత్తి చూడని చెట్టు నెన్నుకొనిరి. ఎవరును రాకూడదనియే వారి కోరిక. ఈ పెట్టె దాచువాని కోరిక దానికి విరుద్ధము. పదిమంది రావలెను, వెదకవలెను, సంతోషించి పోవలెను. అట్లు పిలిచినవాడు గృహస్థుడు, వచ్చువా డతిథి. అతిథిని పిలిచి గుమ్మము ముందు నూయి త్రవ్వి యుంచువారుందురా? కావున రహదారి సమీపమున పెట్టె దాచువారు, "ఇచ్చట నెంత నేర్పుగా దాచగలను?" అని కాక, "దీనికై వచ్చు తల్లి తన బండి నెచ్చట నిలుపును? ఆమె బిడ్డ ఏ వైపున దిగును?" అని ముందుగా నడుగుకొనవలెను. ఆ ప్రశ్నకు మంచి యుత్తరము దొరకని చోట ఎంత చక్కని తొఱ్ఱ యున్నను విడిచిపెట్టవలెను.

తరువాత నడుగవలసినది, ఈ నేల యెవరిది యని. ఖాళీగా కనబడు నేలకెల్ల యజమాని యొక డుండును. రహదారికి ఇరుప్రక్కలనున్న పట్టీ సాధారణముగా రహదారుల శాఖది. తోట పురపాలక సంఘముది. అంగడి ముందరి యావరణ అంగడివానిది. ఆ యజమాని యనుమతి లేక దాచుట ఆట నియమములకును, పెక్కుచోట్ల చట్టమునకును విరుద్ధము. అమెరికాలో జాతీయోద్యానములందు ఉద్యానాధికారుల యనుమతి లేక పెట్టెను పెట్టరాదు. బడుల యావరణములు, సైనిక స్థలములు, విమానాశ్రయములు, ఆనకట్టలు, రహదారి వంతెనల పరిసరములు ముందే వర్జ్యములు. రైలుపట్టాలకు 150 అడుగులలోపల, అనగా సుమారు 46 మీటర్లలోపల, దాచరాదని యచ్చటి నియమము. ఒక పెట్టెకును మఱియొక పెట్టెకును నడుమ కనీసము 161 మీటర్లుండవలెను. దాచినవారు వివరములను పంపగా, ఆటలో ననుభవముగల స్వచ్ఛంద పరిశీలకులు వానిని చూచి సమ్మతించిన పిమ్మటనే పెట్టె ప్రకటింపబడును.

రహదారి విషయమున మఱికొన్ని చోట్లను మనమే వర్జింపవలెను. రెండు వరుసల నడుమనుండు మట్టిగట్టు, ఎక్కుదారి దిగుదారుల మలుపులు, దారిచూపు పలకల స్తంభములు, రోడ్డుక్రింది తూములు, ఉక్కు కమ్మీల వెనుకటి యిఱుకు చోట్లు, ఇవి యన్నియు దాచుటకు సులభములు, వచ్చువారికి ప్రమాదకరములు. దీపస్తంభముల యడుగున కప్పియుండు రేకు తొడుగులను ఎత్తి పెట్టెలు దాచుట యచ్చట మిక్కిలి వాడుక. ఆ తొడుగు క్రింద విద్యుత్తు తీగ లుండునను మాట తల్లులు మఱువరాదు. విద్యుత్తు పెట్టెను పోలిన నకిలీ పెట్టెను గోడకు తగిలించు చమత్కారమును కొందఱు చేయుదురు. ఆ నకిలీని తెఱచుట కలవాటుపడిన పిల్లవాడు రేపు నిజమైన దానిని తెఱచును.

సర్కారు వారే కలుగజేసికొన్న దృష్టాంత మొకటి కలదు. నెవాడా రాష్ట్రములో 375వ నంబరు రోడ్డు 98 మైళ్లు ఎడారిలో పోవును. గ్రహాంతరవాసుల కథలకు పేరుపడిన చోటగుటచే 1996లో దానికి ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్ హైవే యని పేరిడిరి. 2010లో కొందఱు ఆటగాండ్రు ఆ రోడ్డు వెంబడి వరుసగా వేయికి పైగా పెట్టెలను దాచిరి. దూరదేశములనుండి జనులు వచ్చి, పదిపది నిమిషములకు కాదు, నిమిష నిమిషమునకు బండి నిలుపుచు, దిగుచు, ఎక్కుచు పోజొచ్చిరి. రోడ్డంచున నిట్లు నిలుచుట ప్రమాదకరమని యెంచి 2011లో ఆ రాష్ట్రపు రవాణాశాఖవారు పెట్టెలను తీసివేయుమని కోరిరి. తీసివేసిరి. తరువాత మార్పులతో ఆ వరుస మరల వెలసినది. ఎడారిలోని ఖాళీ రోడ్డుననే యింత విచారము వలసివచ్చినచో, సందడిగల రహదారి మాట యేమి చెప్పవలెను?

అట్లని రహదారి దాపున పెట్టెయే పనికిరాదనుట మా తాత్పర్యము కాదు. దూర ప్రయాణమున పిల్లలు విసిగి యేడ్చునపుడు, కాళ్లు చాచుకొనుటకు నొక నెపము దొరకుట తల్లులకు వరమే. తగిన చోట్లు కావలసినన్ని యున్నవి.

మొదటివి విశ్రాంతి స్థలములు. అమెరికా మహారహదారులపై అక్కడక్కడ చెట్లు, బల్లలు, మరుగుదొడ్లు గల ఆవరణ లుండును. బండ్లు నిలుపుటకే యేర్పడిన చోట్లు గనుక తలుపు తెఱచినను భయము లేదు. అచ్చట పెట్టెను లారీలు నిలుచు వైపున గాక, బల్లలున్న పచ్చికవైపున నుంచవలెను. మరుగుదొడ్ల గోడల చాటున నెన్నడు నుంచరాదు. అచ్చట తచ్చాడువారిని చూచి యాడువారు భయపడుటయు, వెదకువారు అనుమానము పాలగుటయు సహజము. రహదారి నిర్వాహకుల యనుమతి మాత్రము ముందుగా పొందవలెను.

రెండవవి పాత రహదారులు. ఒరెగాన్‌లో కొలంబియా నది వెంబడి ఐ-84 అను నేటి ఫ్రీవే పోవుచున్నది. దానికి దాపుననే 1913 మొదలు 1922 వఱకు కట్టిన చరిత్రాత్మకమైన పాత రహదారి కలదు. క్రాౌన్ పాయింట్ అను కొండకొమ్మున 1918లో పూర్తియైన విస్టా హౌస్ అను విశ్రాంతి మందిరమునుండి ఆ నదిని చూచుట యొక భాగ్యము. ఆ పాతదారిలో కొన్ని భాగములను ఇప్పుడు మోటారులకు మూసి, నడచువారికిని సైకిళ్లవారికిని విడిచిరి. ఫ్రీవే హోరు వినబడుచునే యుండును గాని బిడ్డ చేయి విడిచినను భయముండదు. ఇట్టి చోట తగిన యనుమతితో దాచిన పెట్టె యుభయతారకము. అయితే ఆ ప్రాంతమున పాయిజన్ ఓక్ అను మొక్క విస్తారము. మూడేసి యాకులు గుంపుగా నుండును. తాకిన చర్మము పొక్కి మంట పుట్టును. అట్టి పొదలో పెట్టె దాచుట యతిథికి గొడ్డుకారపు కూర వడ్డించుట వంటిది.

మూడవవి దిగుదారి చెంతనుండు చిన్న యూళ్లు. గ్రంథాలయములు, వస్తుప్రదర్శనశాలలు, తోటలు, యాత్రికుల సమాచార కేంద్రములు ఇట్టివానికి తగినవి. అడిగినచో నిర్వాహకులు తఱచు సంతోషముతో నొప్పుకొందురు. మహారహదారి కట్టిన పిమ్మట బండ్లన్నియు తమ యూరు తాకక పోవుచున్నవని చింతించువా రనేకులు గదా.

పెట్టెను గుఱించియు నొక మాట. 2011 జులైలో ఇంగ్లండులోని వెదర్‌బీ అను నూరిలో ఒకచోట దాచిన చిన్న పెట్టెను చూచినవారు బాంబని భయపడిరి. వీథి మూసివేసి, సైన్యపు బాంబు నిపుణులు వచ్చి, దానిని పేల్చివేసిరి. ఒక పెన్సిలు, ఒక కాగితము గల డబ్బా యూరినంతయు హడలెత్తించెను. కావున జనసమ్మర్దముగల చోట లోపలి వస్తువులు కనబడు తెల్లని పెట్టెనే వాడవలెను. మీద జియోక్యాష్ అని పెద్ద యక్షరములతో వ్రాయవలెను. గొట్టములు, తీగలు చుట్టిన డబ్బాలు, సైనిక చిహ్నములుగల పాత పెట్టెలు తగవు. చెట్టునకు మేకు కొట్టరాదు. గోడకు రంధ్రము చేయరాదు.

తిరుగు ప్రయాణమునకు ముందు మేమును ఒక పెట్టెను దాచితిమి. ఫ్రీవేనుండి దిగి అరమైలు పోగా నొక చిన్న గ్రంథాలయము కలదు. లోపలికి పోయి నిర్వాహకురాలగు పెద్దావిడను అడిగితిమి. ఆమె మూడు ప్రశ్నలు వేసెను. రాత్రులందు జనులు వత్తురా? పెట్టె పగిలినచో బాగుచేయువా రెవరు? నా పూలమొక్కలను త్రొక్కరు గదా? మూడును గృహిణి వేయదగిన ప్రశ్నలే. పగటివేళనే రావలెనని వ్రాయుదుమంటిమి. ఆ దేశమున నుండనివారు దాచి విడిచిపోవుటకు నియమ మొప్పుకొనదు గనుక, బాగోగులు చూచు భారము తమ్మునిదని చెప్పితిమి. పూలమడికి దూరముగా, వెనుకటి బల్లక్రింద చోటు చూపితిమి. ఆమె కాగితముపై అనుమతి వ్రాసి యిచ్చెను. మేనల్లుడు పెట్టెపై పేరు వ్రాసెను. మేము లోపల నొక కొండపల్లి బొమ్మ నుంచితిమి. బండి నిలుపు చోటును, గేటునుండి బల్ల వఱకు నడువవలసిన దారిని, తోపుడు బండిలో బిడ్డ నుంచుకొనియు రావచ్చునను సంగతిని వివరముగా వ్రాయించితిమి. వ్రాయునప్పుడు తమ్ముడు, "రహదారినుండి రావలదను మాట మొదట నుంచుము అక్కా" అని తానే చెప్పెను.

మేము మన యూరు చేరిన పిమ్మట తమ్ముడు ఆ పుస్తకపు మొదటి పుట ఛాయాచిత్రమును పంపెను. చంటిబిడ్డతో దూరము పోవు దంపతులు మొదట కనుగొనిరట. బిడ్డకు పాలిచ్చుటకు నీడయు బల్లయు దొరికినవని ఆ తల్లి వ్రాసియున్నది. దానిని పలుమాఱు చదువుకొంటిమి.

మన దేశమున నీ యాట యాడువారు తక్కువ. అయినను ఆడగోరువా రుందురేని రహదారి భూమిని అనుమతి లేక యాక్రమించుటను 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టము నిషేధించుచున్నదని తెలిసికొనవలెను. ఆట మాట యట్లుండనిండు. చెన్నపట్టణమునుండి విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణముల మీదుగా కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై, తాటిముంజలు కనబడినవనియో, మామిడిపండ్లు చవుకయనియో అంచున కారు నిలుపనివారు మనలో నెంద ఱున్నారు? మనకు బండ్లు ఎడమవైపున నడచును. కావున మన కుడితలుపే అపాయకరము. పిల్లలను ఎడమవైపుననే దింపుడు. వెనుక తలుపులకు పిల్లల తాళము కలదో లేదో, వేసితిరో లేదో, బయలుదేరుటకు ముందే చూచుకొనుడు. ముంజలు కావలసినచో రహదారి దిగి, ఊరిలోనికి పోయి, చెట్టునీడన బండి నిలిపి కొనుక్కొనుడు.

మా మేనల్లుడు ఇప్పుడు కారు నిలిచినంతనే, "అత్తయ్యా, ఏ వైపు దిగవలెను?" అని యడుగుటకు అలవాటుపడెనని మఱదలు ఫోనులో చెప్పినది. మేము ప్రక్కన లేకున్నను వాడట్లే యడుగుచున్నాడట.